ఎస్టీ పిల్లలు ఒకసారి లేచి నిలబడండి

జూన్‌లోనో జూలైలోనో, హైస్కూల్లో మొదటి పీరియడ్. అటెండెన్స్ అయ్యాక సార్ ఇంకో కాగితం తీస్తాడు. "స్కాలర్‌షిప్ లిస్టు పంపాలె. ఎస్సీ పిల్లలు లేవండి... సరే, కూర్చోండి. ఎస్టీ పిల్లలు లేవండి." సార్‌కు ఇందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. క్యాస్ట్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు గడువులోపు ఆన్‌లైన్లో ఎక్కకపోతే మాట పడేది ఆయనే. యాభై మందిని ఒక్కొక్కరిగా పిలిచి అడిగే తీరిక లేదు. అందరినీ ఒకేసారి లేపితే నిమిషంలో లెక్క తేలిపోతుంది. ఎవరు ఏ కులమో, ఎవరు ఏ తెగో కూడా అదే నిమిషంలో క్లాసు మొత్తానికి తెలిసిపోతుంది.

హైస్కూల్లో పిల్లల్ని ఏడిపించడం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా చివరి బెంచీలోని ఒక పోకిరి అబ్బాయితో మొదలుపెడతాం. నేను ఈ కాగితంతో మొదలుపెడుతున్నాను. ఎందుకో చెప్పడానికి ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. వరంగల్, నర్సంపేట, మహబూబాబాద్ వైపు బడుల్లో చదువుకున్నవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు చెప్పగా విన్న ముక్కల్ని అతికిస్తే ఇలాంటి అమ్మాయి తయారవుతుంది.

నర్సంపేట అవతల ఒక తండా. ఎనిమిదో తరగతి దాకా దగ్గరి ఊళ్లో చదివింది. తొమ్మిదికి హనుమకొండలో ఒక ప్రైవేటు బడి, దాని హాస్టల్. లేచి నిలబడమన్న రోజు లేచి నిలబడింది, కూర్చుంది, అప్పటికి ఏమీ కాలేదు. ఆదివారం హాస్టల్ ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతూ "యాడి" అంది. లంబాడీల గోర్ బోలిలో అమ్మను అలాగే పిలుస్తారు. వెనక తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు విన్నారు. సోమవారం మధ్యాహ్నానికి ఆమె పేరే యాడి అయింది.

ఆ తర్వాత జరిగేవన్నీ చిన్నచిన్నవే. బోర్డు మీద ఎవరో ఆ మాట రాసి తుడిచేస్తారు. నోట్సు అడిగితే "నాది ఇంకా కాలేదే" అంటారు. గ్రూపు ప్రాజెక్టులో ఆమె పేరు రాయడం మర్చిపోతారు. ఇంటి దగ్గరుండి వచ్చే పిల్లల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో స్టిక్కరై తిరుగుతుంది, ఆ గ్రూపులో ఆమె ఉండదు. యూనిట్ టెస్టులో మంచి మార్కులు వస్తే, "నీకేందే, చదవకున్నా బాసర ట్రిపుల్ ఐటీల సీటు పక్కా" అంటారు. వీటిలో ఏ ఒక్కటీ స్టాఫ్ రూమ్ దాకా తీసుకెళ్లేంత పెద్దది కాదు. తీసుకెళ్లి ఏమని చెప్పాలి? "సార్, నన్ను యాడి అంటున్నరు" అంటే, "యాడి అంటే అమ్మే కదా, అందులో తప్పేముంది?" అని అడిగే సార్లు ఉన్నారు. అది అమ్మ అనే మాటే కాబట్టి ఆమెకు ఇంకా ఎక్కువ నొప్పి అని ఆయనకు పద్నాలుగేళ్ల పిల్ల ఎలా వివరిస్తుంది?

అసలు దీనికి మన భాషలో పేరు దొరకడమే కష్టం. ఆటపట్టించడం అంటాం, అందులో ఆట ఉంది. ఏడిపించడం అంటాం, కానీ బావ మరదలిని ఏడిపించినా అదే మాట. వెక్కిరించడం ఒకసారి జరిగి అయిపోతుంది. నాకైతే మన వైపు మాట ‘సతాయించుడు’ దీనికి దగ్గరగా అనిపిస్తుంది. సతాయించుడులో ఆగకుండా చేయడం ఉంది, అవతలివాడి ఓపిక తెగేదాకా వదలకపోవడం ఉంది. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి బడి పిల్లల మీద పరిశోధన చేసి దీనికి మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, చేసేవాళ్లకూ పడేవాళ్లకూ మధ్య బలంలో తేడా ఉండటం. ఈ మూడో గుర్తును మన బడుల్లో ఎవరూ పట్టించుకోరు. సమానమైన ఇద్దరు కొట్టుకుంటే అది కొట్లాట, దాన్ని రాజీ చేయొచ్చు. ఒకవైపు పదిమంది, ఇంకోవైపు ఒక్కరు ఉన్నచోట కొట్లాటకు వేసే మందు వేస్తే రోగం ముదురుతుంది. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

బలం అంటే కండబలమే కానక్కర్లేదు. ఊరు బలం, ఇంటిపేరు బలం, భాష బలం, రంగు బలం, నాన్న నౌకరీ బలం, అన్నీ క్లాసులోకి వస్తాయి. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చింది 1976లో. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచింది 2022లో. ఈ లెక్కలు తొమ్మిదో తరగతి పిల్లలకు తెలియవు. కానీ అన్నం తింటూ టీవీ ముందు పెద్దవాళ్లు ఈ విషయం మీద అన్న మాట మాత్రం తెలుసు. అది మర్నాడు "నీకేందే" అయి బడికి వస్తుంది. ముస్లిం పిల్లవాడిని క్రికెట్ మ్యాచ్ మర్నాడు "మీ టీం ఓడిపోయిందిరా" అని పాకిస్తాన్ గెలుపోటములతో ఏడిపించడం, నల్లగా ఉన్నవాణ్ని సింగరేణి అని పిలవడం, సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చేవాడి పక్కన కూర్చుని ముక్కు మూసుకోవడం, వీటిలో పిల్లలు సొంతంగా కనిపెట్టింది ఒక్కటీ లేదు. తెచ్చిన సరుకే. సింగరేణి బొగ్గు మీద బతికే భూపాలపల్లి, గోదావరిఖని ఇక్కడికి ఎంత దూరమని?

యాస సంగతి ఇంకా విచిత్రం. 2014లో రాష్ట్రం వచ్చింది. ఏటా సెప్టెంబర్ 9న, మన వరంగల్ కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. అదే రోజు స్టేజీ మీద యాసలో మాట్లాడిన పిల్లవాడికి బహుమతి ఇచ్చి, మర్నాడు క్లాసులో "గట్లగాదు సార్" అంటే నవ్వే బడులు హనుమకొండలోనే ఉన్నాయి. నేను చదివిన బడిలో ములుగు వైపు నుంచి వచ్చిన ఒకడుండేవాడు. ‘వచ్చిండు’ అన్నప్పుడల్లా మేం నవ్వేవాళ్లం. మా ఇళ్లలో మేమూ వచ్చిండనే అనేవాళ్లం. వాడు నెమ్మదిగా మాట్లాడటం మానేశాడు. వాడిది మొహమాటం అనుకున్నాం. మేమే మానిపించామని అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నేను వాడిని ఒక్క మాట అనలేదు, నవ్వానంతే.

నవ్వడం దగ్గరే అసలు విషయం ఉంది. కెనడాలో పరిశోధకులు బడి ఆవరణల్లో కెమెరాలు, మైకులు పెట్టి పిల్లల్ని గమనించారు. 2001లో అచ్చయిన ఆ పరిశోధనలో, ఏడిపించిన ఘటనల్లో 88 శాతం తోటి పిల్లల ముందే జరిగాయని తేలింది. అందులో ఎవరైనా అడ్డుపడినవి 19 శాతమే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు, అంటే 57 శాతం, పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. చూసేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఉంటారు, దాదాపు ఎప్పుడూ ఊరకుంటారు, నోరు తెరిస్తే మాత్రం సగానికి పైగా పని అవుతుంది. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ‘కివా’ అనే బడి కార్యక్రమం ఈ చూసేవాళ్ల మీదే ఎక్కువ దృష్టి పెడుతుంది. అక్కడి పరిశోధకులు క్లాసును ఇలా విడదీసి చూశారు: ఏడిపించేవాడు, వాడికి చేయి కలిపేవాడు, పక్కన నవ్వి ఉత్సాహం ఇచ్చేవాడు, చూసీ చూడనట్టు పోయేవాడు, అడ్డుపడేవాడు, పడేవాడు. మా ములుగు కుర్రాడి విషయంలో నా పాత్ర ఏదో నాకు దొరికింది.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె ఎదురు తిరగాలి అని అందరం అంటాం. ఎదురు తిరిగితే ఏమవుతుంది?

మొదటి దారి, చేయి చేసుకోవడం. ఆరు నెలలు ఓర్చుకుని ఒకరోజు జామెట్రీ బాక్సు విసిరికొడుతుంది. అవతలి అమ్మాయి నుదుటి మీద గీరుకుంటుంది. ఆరు నెలల సతాయించుడుకు సాక్ష్యం లేదు, గీరుడుకు రక్తం ఉంది. హెడ్‌మాస్టర్ గదిలో నిలబడేది ఎవరో మీకు తెలుసు. పైగా "వాళ్లు అంతే, కోపం ఎక్కువ" అన్న మాట ఆమె చేతిలోంచే ఊడిపడుతుంది.

రెండో దారి, సార్‌కు చెప్పడం. ఇక్కడ అడ్డం వచ్చేది ‘చాడీలు’ అనే మాట. ఒకటో తరగతి నుంచి మనమే నేర్పాం, చాడీలు చెప్పొద్దని. బలపం గుంజుకున్నాడని చెప్పడానికీ, నన్ను రోజూ మనిషిగా చూడటం లేదని చెప్పడానికీ తేడా ఎవరూ నేర్పలేదు. చెప్పినా సార్ క్లాసులోకి వచ్చి అందరి ముందు, "ఎవర్రా ఈ అమ్మాయిని ఏడిపిస్తున్నది?" అని గద్దిస్తాడు. మంచి మనసుతోనే. దాంతో ఆమె రెండోసారి నిలబెట్టబడుతుంది.

మూడో దారి, ఇంట్లోవాళ్లు రావడం. ఇది కొంచెం ఆగి చూడాల్సిన చోటు. నాన్న తండా నుంచి పొద్దున బస్సెక్కి, కూలి పోగొట్టుకుని వస్తాడు. అవతలి పిల్ల తండ్రి బండి మీద వస్తాడు. ఆయనకు, "రండి, కూర్చోండి, మీరు ఏమంటారు?" ఈయనకు, "నువ్వు చెప్పు, ఏమైంది?" ఈయన తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడే మాట్లాడతాడు. "సార్, మా బిడ్డ తిండి తింటలేదు సార్." కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆ పిల్లలిద్దరూ గోడ పక్కన నిలబడి ఇదంతా చూస్తుంటారు. తర్వాత రాజీ. ఇద్దరూ సారీ చెప్పుకోండి, చేతులు కలపండి. ఇద్దరూ ఎందుకు? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కొట్లాటకు వేసే మందు అన్నానే, అది ఇదే. బలం సమానం కానిచోట రాజీ అంటే తక్కువ బలం ఉన్నవాళ్లు ఇంకోసారి తగ్గడం. గది బయటికి రాగానే అవతలి అమ్మాయికి రెండు విషయాలు తెలిసిపోతాయి: దీనికి శిక్ష లేదు, ఆ అమ్మాయి నాన్నను హెడ్‌మాస్టరే నువ్వు అన్నాడు.

ఇక నాలుగో దారి, క్లాసు మధ్యలో నిలబడి, "నా పేరు అది కాదు, నన్ను పేరు పెట్టి పిలువు" అనడం. నిజంగానే అలా అనే పిల్లలు ఉన్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ మాట నిలబడేదీ పడిపోయేదీ ఆ తర్వాతి పది సెకన్లలో తేలుతుంది. ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఊకోవే, ఆమెకు పేరుంది కదా" అంటే చాలావరకు ఆగుతుంది. అందరూ నవ్వితే ఆమె మళ్లీ నోరు తెరవదు. ధైర్యం ఆమెదే, దాని ఫలితం మాత్రం బెంచీల్లో కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ధైర్యంగా ఉండాలమ్మా అని ఆమెకు కౌన్సెలింగ్ ఇచ్చి, నవ్విన నలభై మందికి ఏమీ చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కెనడాలోనే 2007లో ఒకటి జరిగింది. నోవా స్కోషియాలోని ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రాడు గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని ఏడిపించారు. పన్నెండో తరగతి అబ్బాయిలు ఇద్దరు డిస్కౌంటు దుకాణంలో 50 గులాబీ చొక్కాలు కొని, మర్నాడు బడిలో పంచారు. ఇప్పుడు చాలా దేశాల్లో దాని పేరున ఒక రోజు జరుపుతున్నారు. ఆ కథను ధైర్యం కథగా చెబుతుంటారు, నాకు అది లెక్కల కథగా కనిపిస్తుంది. వాళ్లు సీనియర్లు, ఇద్దరున్నారు, ఇంకో యాభై మందికి సరిపడా చొక్కాలు తెచ్చారు. పడ్డ కుర్రాణ్ని ముందు నిలబెట్టలేదు. మన బడుల్లో యూనిఫాం కాబట్టి చొక్కాలు కుదరవు. పదో తరగతి అక్కలు నలుగురు భోజనం బెల్లులో ఆమె పక్కన కూర్చుని తింటే చాలు.

చట్టం సంగతి చాలామందికి గందరగోళం. "కేసు పెడితే పిల్లల జీవితాలు పాడవుతాయి" అని ఒక వర్గం, "చట్టముంది కదా" అని ఇంకో వర్గం. రెండూ పూర్తిగా నిజం కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలపై శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అయితే ఆ చట్టంలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. సతాయించుడు బాగా ముదిరే తొమ్మిది, పది తరగతుల్లో చాలామంది ఆ వయసు దాటిపోతారు. సీబీఎస్ఈ 2015లో బడుల్లో వేధింపుల నిరోధక కమిటీలు పెట్టాలని తన బడులకు చెప్పింది, కానీ మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఎస్సెస్సీ. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఇప్పుడూ అమల్లో ఉంది. కాలేజీలకే అనుకుంటాం గానీ దాని పరిధిలోకి హాస్టళ్లూ వస్తాయి. అవమానించాలని ఎగతాళి చేసినా ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది. ఫిర్యాదు వచ్చాక సంస్థ పెద్ద పట్టించుకోకపోతే ఆయన నేరానికి తోడ్పడినట్టే లెక్క.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అందరికీ తెలిసినదే, కానీ షరతులు తెలియవు. నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో దూషించడం, కించపరచాలని కావాలని అవమానించడం నేరం. చేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు అయి ఉండాలి. అంటే అదే మాట ఇంకో ఎస్టీ తెగ పిల్ల అంటే ఈ చట్టం రాదు. ముస్లిం పిల్లవాడికి, నల్లగా ఉన్నవాడికి, యాస వల్ల నవ్వులపాలైనవాడికి ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. నొప్పి ఒకేలాంటిదైనా చట్టం అందరికీ ఒకేలా అందదు.

ఇంక ‘జీవితం పాడవుతుంది’ అన్న భయం. 18 ఏళ్లలోపు పిల్లలు ఏ నేరం చేసినా 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది. ఇలాంటి విషయాల్లో మామూలు కోర్టు, మామూలు జైలు ఉండవు. మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటివే ముందు చూస్తారు. పిల్లల పేర్లు, ఫోటోలు బయటపెట్టడం కూడా నేరమే. ఇదే చట్టం 75వ సెక్షన్ పెద్దవాళ్ల సంగతి చూస్తుంది. పిల్లల బాధ్యత ఉన్న సంస్థలో పనిచేసేవాళ్లే వాళ్లను హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసి మానసికంగా బాధ కలిగించినా ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. లైంగికంగా వేధించిన విషయమైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కిందికి వస్తుంది, తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే నేరం, అక్కడ రాజీ అనే మాటకు తావు లేదు.

పోలీస్ స్టేషన్‌కు ముందు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నేనైతే అమ్మానాన్నలకు మొదట చెప్పేది నోటుబుక్కు. ఏ రోజు, ఏ పీరియడ్, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు. నాలుగు వారాలు రాస్తే "చిన్న విషయం" అన్నవాళ్లు నాలుగు పేజీలు తిప్పాల్సి వస్తుంది. ఫోన్‌లో వచ్చినవి తీసేయకుండా స్క్రీన్‌షాట్ పెట్టుకోవాలి, అసభ్యమైన ఫోటోల దాకా పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. హెడ్‌మాస్టర్‌కు నోటిమాటగా చెప్పకుండా కాగితం మీద రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఆ సంతకం అడిగితేనే చాలా బడుల్లో పద్ధతి మారుతుంది. 1098 పిల్లల హెల్ప్‌లైన్, పిల్లలే సొంతంగా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. తిండి మానేసి, చనిపోతానని మాట్లాడుతుంటే ఆ రోజే 14416కు ఫోన్ చేయాలి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. అలాంటి మాటను "టెన్షన్ పెట్టకే" అని కొట్టిపారేయొద్దు.

ఇంటి దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సతాయించుడు పడ్డ పిల్లల ఇంట్లో "ఏమైందమ్మా?" అని ఎలాగూ అడుగుతారు. మిగతా నలభై ఇళ్లలో, "మీ క్లాసులో ఎవరినైనా పేరు పెట్టి కాకుండా ఇంకేదో అని పిలుస్తారా? నువ్వూ పిలుస్తావా?" అని అడిగేవాళ్లు ఎందరు?

మొదట చెప్పిన కాగితం గురించి మొన్న ఒక పాత స్నేహితుణ్ని అడిగాను. వరంగల్ జిల్లాలోనే సర్కారు బడిలో సార్. ఇప్పుడు లిస్టు ఎట్లా తీస్తున్నావురా అంటే, అందరికీ తలా ఒక చీటీ ఇస్తాడట. పేరు, ఏయే సర్టిఫికెట్లు ఉన్నాయో, ఏవి తెచ్చుకోవాలో రాసి మడిచి ఇవ్వాలి. స్కాలర్‌షిప్ అవసరం లేనివాళ్లు కూడా రాయాల్సిందే, అప్పుడు ఎవరిదేమిటో తెలియదు. తేడాలుంటే స్టాఫ్ రూమ్‌కు పిలిచి ఒక్కొక్కరినే అడుగుతాడు.

"మస్తు టైం పడ్తది గదరా?" అన్నాను.

"రెండు రోజులు" అన్నాడు.